పదిహేడో నంబరు పురుగు

ఇరవై నాలుగేళ్లలో మా వదిన ఏ ట్యూబు మీదా తప్పు నంబరు వెయ్యలేదు. ఆడపడుచు మీద ప్రేమకొద్దీ అంటున్నానని అనుకోకండి. నేను కాపురానికి వచ్చిన మొదటి ఆరేళ్లూ మా ఇద్దరికీ ఉప్పూ నిప్పూగా ఉండేది. నా వంటింట్లో డబ్బాలన్నిటికీ చీటీలు అంటించి, ఏ రోజు ఏది పోశానో తేదీతో సహా రాసిపెట్టేది. నాకు ఒళ్లు మండిపోయేది.

"ఇది ఇల్లా, మీ ల్యాబా వదినా?" అని ఒకసారి మొహం మీదే అడిగేశాను.

"రెండు చోట్లా పాడైపోయేవే కదమ్మాయ్ ఉండేవి," అంది, చీటీ అంటిస్తూనే.

అలాంటి మనిషి అజాగ్రత్తగా ట్యూబులు తారుమారు చేసిందని ఒక పెద్దమనిషి రాసి పంపించాడు. ఆ అజాగ్రత్త ఎవరిదో చెబుదామనే నేనిదంతా రాయడం.

వదిన అంటే మా ఆయన అక్క. ఆవిడా, ఆవిడ భర్త, బస్సు డ్రైవరు అన్నయ్యగారూ మా పక్క వాటాలోనే ఉంటారు. యూనివర్సిటీలో జంతుశాస్త్రం విభాగంలో ఆవిడ ల్యాబు సహాయకురాలు. ఇంటర్మీడియట్‌తో చదువు ఆగిపోయింది. చేరినప్పుడు గాజుసామాను కడగడమే పని. కడుగుతూనే పక్క బల్లల మీద ఏం జరుగుతోందో చూసింది. చూసింది చేసింది. అయిదేళ్లు తిరిగేసరికి పురుగు ఒంట్లోంచి డీఎన్‌ఏ తియ్యాలంటే ఆ భవనంలో ఎవరైనా ముందు వచ్చేది ఆవిడ బల్ల దగ్గరికే. ఉద్యోగం పేరు మాత్రం మారలేదు. ఆఫీసువాళ్లు వెనకాల "పురుగులమ్మ" అంటారు. ఆవిడకి తెలుసు. "పురుగులాంటిది అనేకంటే నయం కదా," అంటుంది.

ఆవిడ చూసేవి చదును పురుగులు. తడినేలలో, పూలకుండీల కింద, గోడల వెంట పేరుకున్న చెత్తలో ఉంటాయి. గోధుమరంగులో, తోలుపట్టీ ముక్క సాగినట్టు, నడిస్తే జిగట చార. కొన్నిటికి తల అర్ధచంద్రంలా ఉంటుంది. నోరు తల దగ్గర ఉండదు, పొట్ట మధ్యలో ఉంటుంది. తినేదీ అక్కడే, కక్కేదీ అక్కడే. ఆ మాట మొదటిసారి విన్నప్పుడు అన్నయ్యగారు, "మా డిపో మేనేజరు కూడా అంతే," అన్నారు. రెండు ముక్కలు చేస్తే రెండూ బతుకుతాయి. ముసురు పట్టిన రోజు తెల్లారగానే వదిన గొడుగూ, డబ్బాలూ పట్టుకుని బయల్దేరేది. ఏ రాయి కింద ఏది దొరికిందో, దొరికినప్పుడు అది ఏం చేస్తోందో కూడా పుస్తకంలో రాసుకునేది.

పెద్దసారు, అంటే ఆ విభాగంలో ఆవిడ పైఅధికారి, నలభైమూడు పురుగుల జన్యువు చదివించి వాటి వంశవృక్షం గీద్దామనుకున్నాడు. పురుగులకి వంశవృక్షం ఏమిటని నేను నవ్వితే వదిన నా పని అడ్డం పెట్టి చెప్పింది. నేను ప్రెస్సులో ప్రూఫులు దిద్దుతాను.

"ఒకే పుస్తకానికి నాలుగు నకళ్లు నీ ముందు పెట్టారనుకో. అందులో రెండింట్లో ఒకే చోట ఒకే అక్షరం తప్పు పడింది. ఏమనుకుంటావు?"

"ఆ రెండూ ఒకే ప్రతి చూసి ఎక్కించారనుకుంటాను."

"అంతే. వీటి ఒంట్లోనూ రాత ఉంది. అక్షరాలు నాలుగే. తల్లి దగ్గర్నుంచి పిల్లకి నకలు వెళ్లేటప్పుడు ఎప్పుడో ఒకసారి ఒక అక్షరం మారుతుంది. ఆ మార్పు తర్వాతివాళ్లందరికీ పోతుంది. ఏ రెండింట్లో ఒకే మార్పులు ఎక్కువ కనిపిస్తాయో అవి దగ్గర చుట్టాలు."

"మొహం చూస్తే తెలీదా చుట్టరికం?"

"మొహాలు నమ్ముకుంటే మునిగిపోతాం. సముద్రపు ఇసకలో ఆవగింజంత చదును పురుగులున్నాయి. వందేళ్లకి పైగా వాటిని వీటి చుట్టాలనే అనుకున్నారు. రాత చదివితే అవి వేరే ఇంటివని తేలింది. మనిషి పేగుల్లో పెరిగే బద్దెపురుగుకీ వీటికీ పోలికే కనపడదు. కానీ అది వీటి చుట్టమే."

అప్పుడు ఆవిడ మొహంలో ఉన్న సంబరం ఇప్పుడు తలుచుకుంటే నాకు కోపమే వస్తుంది.

ఎందుకంటే పని మొదలుపెట్టక ముందే ఆవిడ సారుకి చెప్పింది. ఈ పురుగు పేగు ఒక గొట్టం కాదు, కొమ్మలు కొమ్మలుగా ఒళ్లంతా పాకి ఉంటుంది. మధ్యలోంచి ముక్క కోస్తే అది తిన్నది కూడా ఆ ముక్కలో వచ్చేస్తుంది. కాబట్టి రెండు వారాలు పస్తు పెట్టి, పేగు చేరని తల అంచులోంచి ముక్క తియ్యాలి.

"రెండు వారాలా? నెలాఖరుకి నేను సదస్సులో బొమ్మ చూపించాలి. పట్టుకున్నవి పట్టుకున్నట్టే చేసెయ్," అన్నాడు సారు.

"సార్, తల అంచు ముక్కయినా..."

"అంత చిన్న ముక్కలో ఎంత డీఎన్‌ఏ వస్తుంది? మధ్యలోంచి పెద్దది తియ్యి. చెప్పింది చెయ్యమ్మా. ఆలోచించే పని మాది."

ఆలోచించే పని వాళ్లదట! వదిన చెప్పింది చేసింది. కానీ ప్రతి పురుగుకీ ముందు తల అంచులోంచి గోరంత ముక్క కోసి, వేరే చిన్న ట్యూబులో స్పిరిట్ పోసి దాచింది. సిరా అయితే స్పిరిట్‌లో కరిగిపోతుందని పెన్సిలుతో చీటీ రాసి లోపలే వేసింది. నంబరూ, తేదీ, దొరికిన చోటూ. మిగతా ఒళ్లు తీసుకున్నవాళ్లు ఆ చీటీ మీద సంతకం పెట్టాలి. అది ఆవిడ తనకి తాను పెట్టుకున్న నియమం. వదిన తీసిన డీఎన్‌ఏ చదివించేదీ, మిగతా ఒళ్లు భద్రం చేసేదీ సారు దగ్గర పరిశోధన చేసే అమ్మాయి. నలభైమూడు చీటీల మీదా ఆ అమ్మాయి విసుక్కుంటూనే సంతకాలు పెట్టింది.

ఫలితాలొచ్చాయి. నలభైయొక్క పురుగులు ఒక పక్కన గుంపుగా కూర్చున్నాయి. పదిహేడూ, ముప్ఫైయొకటీ మాత్రం ఎక్కడో దూరంగా, వేరే కొమ్మ మీద పడ్డాయి. సారు ఎగిరి గంతేశాడు. ఇంతవరకూ ఎవరికీ తెలియని ప్రాచీన శాఖ దొరికిందన్నాడు. కంప్యూటర్లో వెతికితే ఆ అక్షరాలు నత్తల వాటికి దగ్గరగా వస్తున్నాయని పరిశోధన అమ్మాయి చెప్పింది కూడా. "ఈ పురుగుల రాతలు లోకంలో పోగుచేసినవే తక్కువ. సొంతవాళ్లు దొరక్క పక్కింటివాళ్లని చూపిస్తోంది, అంతే," అని కొట్టిపారేశాడు. రెండో జన్యువు చదివి సరిచూసుకుందామన్న ఆలోచన రాలేదు. ఒక్క జన్యువు మీదే బొమ్మ గీసి, వ్యాసం రాసి, పెద్ద పత్రికకి పంపేశాడు. అచ్చయింది.

మా ప్రెస్సులో అచ్చయ్యే పేపర్లో కూడా వార్త పడింది. ఆ ప్రూఫు నా బల్ల మీదికే వచ్చింది. సారు ఫొటో, చేతిలో సీసా. సీసా మీద చేతిరాత మా వదినది. వార్తలో ఆవిడ పేరు లేదు. పోనీ, అసలు వ్యాసంలో ఉందేమోనని అడిగాను. చివర్న కృతజ్ఞతల జాబితాలో ఉపకులపతి ఉన్నాడు, సారు బావమరిది ఉన్నాడు, ఏసీ బాగుచేసిన కంపెనీ ఉంది. వానలో తడిసి నలభైమూడు పురుగులూ ఏరిన మనిషి లేదు.

"మీకు కోపం రాదా వదినా?"

"అది తర్వాత. ముందు ఆ పదిహేడో నంబరు నాకు నచ్చట్లేదు," అంది.

ఆదివారం మధ్యాహ్నం మూడు కాగితాలు పట్టుకుని మా వాటాకి వచ్చింది. ఒకటి పదిహేడో పురుగు రాత, ఇంకోటి ముప్ఫైయొకటోదాని రాత. మూడోది పక్క గదివాళ్ల కోసం ఆవిడే మూడేళ్ల క్రితం చదివించిన నత్త రాత. పదిహేడో పురుగు దొరికిన రోజున పుస్తకంలో ఇలా రాసుకుంది: వెనక గోడ పక్కన, నత్తగుల్లల కుప్పలో, ఒక నత్తని చుట్టుకుని ఉంది.

"నువ్వు ప్రూఫు చదివినట్టే చదువు. నేను నత్తది చూసుకుంటూ ఉంటాను," అంది.

ఆరువందల యాభై ఎనిమిది అక్షరాలు. ఏ, టీ, టీ, జీ, సీ అంటూ నేను చదువుతుంటే, ఆవిడ గీత కింద వేలు జరుపుకుంటూ వచ్చింది. పక్కన అన్నయ్యగారు కాసేపు విని, "మంత్రమా?" అని అడిగి నిద్రపోయారు. మొత్తం మీద తేడా వచ్చింది మూడంటే మూడు అక్షరాలు. ముప్ఫైయొకటో నంబరుకి రెండు.

"అంటే?" అన్నాను.

"అంటే సారు కనిపెట్టిన ప్రాచీన శాఖ, మా పురుగు తిన్న భోజనం."

నాకు నవ్వు ఆగలేదు. ఆవిడ నవ్వలేదు. సోమవారం పొద్దున్నే ఆ కాగితాలు పట్టుకుని సారు గదికి వెళ్లింది. తల అంచు ముక్కలు ఉన్నాయనీ, వాటితో మళ్లీ చేస్తే నాలుగు రోజుల్లో తేలిపోతుందనీ చెప్పింది. తప్పు మనమే దిద్దుకుంటే పరువుగా ఉంటుందని కూడా అంది.

"నువ్వు నాకు పాఠం చెబుతున్నావా?" అన్నాడట. ఆ కాగితాలు సొరుగులో పడేశాడట.

ఎనిమిది నెలలు అవి ఆ సొరుగులోనే ఉన్నాయి. తర్వాత వేరే దేశంలో ఎవరో ఇవే పురుగులు చూసేవాళ్లు ఆ పత్రికకి ఉత్తరం రాశారు: మీరు అచ్చేసిన వృక్షంలో రెండు కొమ్మలు నత్తలవి. పత్రిక సారుని సంజాయిషీ అడిగింది. అప్పుడు సారు ఏం రాశాడో తెలుసా? అదే వారంలో అదే బల్ల మీద పక్క గదివాళ్ల నత్తల ట్యూబులు కూడా ఉన్నాయనీ, సహాయకురాలి అజాగ్రత్త వల్ల ట్యూబులు తారుమారయ్యాయనీ, ఆమె మీద చర్య తీసుకుంటున్నామనీ రాశాడు. చర్య తీసుకున్నారు కూడా. వదిన చేతికి మెమో వచ్చింది. ఏడు రోజుల్లో జవాబివ్వాలి. ఈలోగా ల్యాబులో అడుగుపెట్టకూడదు. విరిగిన కుర్చీలు పడేసే స్టోరు గదిలో కూర్చోవాలి.

ఆ సాయంత్రం నేను వెళ్లేసరికి అన్నయ్యగారి యూనిఫాం ఇస్త్రీ చేస్తోంది. మెమో బల్ల మీద ఉంది. అన్నయ్యగారు నేల చూస్తూ కూర్చున్నారు.

"పొరపాటైంది, మన్నించండి అని ఒక్క ముక్క రాసి పారెయ్. ఎంత, ఇంకో ఆరేళ్ల ఉద్యోగం. వాళ్లతో మనకెందుకు?" అన్నారు ఆయన.

"మీ బస్సు ఎవరో గుద్దేసి, మీరే గుద్దారని రాస్తే సంతకం పెడతారా?" అంది వదిన, ఇస్త్రీ ఆపకుండానే.

ఆయన మెమో తీసి బోర్లా తిప్పి పెట్టారు.

"పురుగు గురించి ఏమన్నా నేను పట్టించుకోను. నా చీటీ తప్పన్నాడు. నా చేతిరాత తప్పన్నాడు!" ఇస్త్రీపెట్టె నిలబెట్టి, చేతులు రెండూ బల్ల మీద ఆనించుకుని నిలబడింది. ఆ మనిషి అలా నిలబడ్డం నేనెప్పుడూ చూడలేదు. నేనైతే ఆ సారుని చెడామడా తిట్టాను. నాకు వచ్చిన తిట్లన్నీ అయిపోయాక అన్నయ్యగారు తన డిపోలో నేర్చుకున్నవి రెండు అందించారు.

జవాబు నేనే టైపు చేశాను. ఆవిడ చెప్పింది చెప్పినట్టు, ఒక్క విశేషణం కలపనివ్వకుండా. విచారణ అడిగింది. ఉద్యోగికి తోడుగా ఒకరు రావచ్చని రూల్లో ఉందట. నేను సెలవు పెట్టి వెళ్లాను.

పొడుగాటి బల్లకి ఆ పక్క ముగ్గురు. మధ్యలో రసాయనశాస్త్రం నుంచి వచ్చిన పెద్దావిడ. ఒక చివర సారు, ఆయన పక్కన పరిశోధన అమ్మాయి. సారు మొదలుపెట్టాడు. ఆమె కష్టజీవేననీ, కానీ చదువు లేకపోవడం వల్ల ఇలాంటివి జరుగుతాయనీ, తనకి ఆమె మీద జాలేననీ. జాలట!

వదిన లేచి పుస్తకం తెరిచి పెట్టింది. జవాబులోనే అడిగి ల్యాబులోంచి తెప్పించుకున్న రెండు చిన్న ట్యూబులు పక్కన పెట్టింది.

"ఇవి పదిహేడు, ముప్ఫైయొకటి పురుగుల తల అంచు ముక్కలండీ. ఫ్రీజర్లో మిగిలిన డీఎన్‌ఏ కూడా ఉంది, సారు వాళ్లు చదివించింది. రెండూ బయటి ల్యాబుకి పంపండి. పేర్లు రాయకండి, నంబర్లే రాయండి."

"పంపితే ఏం తెలుస్తుంది?" అని అడిగింది పెద్దావిడ.

"నేను ట్యూబులు మార్చి ఉంటే ఆ మిగిలిన డీఎన్‌ఏలో నత్త ఒక్కటే ఉంటుందండీ. పురుగు నత్తని తిని ఉంటే రెండూ ఉంటాయి. నత్తా ఉంటుంది, మొదటిసారి చదివినప్పుడు దాని మాటున పడిపోయిన పురుగూ ఉంటుంది. తల అంచులో పురుగు ఒక్కటే ఉంటుంది."

పెద్దావిడ పెన్ను కింద పెట్టి, కళ్లజోడు పైకి జరుపుకుని వదినని మొదటిసారి సరిగ్గా చూసింది.

"అవి ఎప్పటివో ఎవరికి తెలుసు? మెమో వచ్చాక పెట్టి ఉండొచ్చు," అన్నాడు సారు.

"చీటీ లోపల తేదీ ఉంది. ఒళ్లు తీసుకున్నవాళ్ల సంతకం ఉంది."

పెద్దావిడ ట్యూబు వెలుతురికి ఎత్తిపట్టి చూసింది. తర్వాత పరిశోధన అమ్మాయి ముందు పెట్టింది. "ఇది నీ సంతకమేనా?"

ఆ అమ్మాయి ట్యూబు వంక చూసింది. సారు వంక చూసింది. తర్వాత తన గోళ్లు చూసుకుంది. నాకు లేచి ఆ పిల్ల భుజాలు పట్టుకుని ఊపేద్దామనిపించింది. వదిన నా మోచెయ్యి నొక్కిపట్టింది.

"నాదే మేడమ్," అంది చివరికి, వినపడీ వినపడనట్టు. "ఆ తేదీనే పెట్టాను."

నంబర్లు వేసి బయటికి పంపారు. రెండు నెలలు వదిన విరిగిన కుర్చీల మధ్య కూర్చుంది. పని లేకుండా కూర్చోవడం చేతకాక ఆ కుర్చీలన్నిటికీ చీటీలు అంటించింది. రిపోర్టు వచ్చింది. తల అంచుల్లో పురుగు ఒక్కటే. మిగిలిన డీఎన్‌ఏలో నత్తా, పురుగూ రెండూ. ఆ రెండు పురుగులూ ఏ ప్రాచీన శాఖా కాదు. వెనక గోడ దగ్గర దొరికిన మిగతా వాటికి స్వయానా దాయాదులు.

ఇక్కడితో న్యాయం జరిగిందని మీరనుకుంటే, మా యూనివర్సిటీ సంగతి మీకు తెలీదన్నమాట. పత్రికలో వ్యాసం వెనక్కి తీసుకుంటూ నాలుగు వాక్యాలు వేశారు: "అనుకోని సాంకేతిక లోపం" వల్ల అని. లోపం ఎవరిదో లేదు. అజాగ్రత్త అన్న మాట ఎవరు రాశారో లేదు. సారు ఏమీ పోగొట్టుకోలేదు. మరుసటి ఏడు విభాగాధిపతి అయ్యాడు. ల్యాబు తలుపు మీద ఇప్పుడొక నోటీసు ఉంది. పురుగులని పద్నాలుగు రోజులు పస్తు ఉంచాకే, తల అంచు నుంచే ముక్క తియ్యాలని. కింద సారు సంతకం.

వదినకి ఒక లైను కాగితం వచ్చింది: "మెమో విషయం ముగించడమైనది." అందినట్టు సంతకం పెట్టమన్నాడు గుమాస్తా.

"ముగించడమేమిటి? నాది తప్పు కాదని రాయండి," అంది.

"అదే కదమ్మా దీనర్థం."

"అదే అర్థమైతే అదే రాయడానికి ఏమొచ్చింది?"

మూడుసార్లు ఆ కాగితం తిప్పి పంపింది. నాలుగోసారి, "ఆరోపణకు ఆధారం లేదని తేలినందున మెమో రద్దు చేయడమైనది" అని వచ్చింది. అప్పుడు సంతకం పెట్టింది. క్షమాపణ మాత్రం ఈ రోజుకీ ఎవరూ చెప్పలేదు.

పరిశోధన అమ్మాయి వేరే సారు దగ్గరికి మారింది. ఒకరోజు మా ఇంటికి వచ్చింది. నలభైమూడూ మళ్లీ మొదట్నుంచి చేస్తానంది, ఈసారి తల అంచులతో, రెండు జన్యువులతో. వ్యాసంలో వదిన పేరు రచయితల్లో ఉంటుందంది. వదిన మంచినీళ్లిచ్చి ఎదురుగా కూర్చుంది.

"నీ సంతకం గుర్తుపట్టడానికి అంతసేపు ఎందుకు పట్టింది?"

ఆ అమ్మాయి ఏడ్చింది. "నా డిగ్రీ ఆయన చేతిలో ఉందక్కా," అంది.

"నా ఉద్యోగమూ ఆయన చేతిలోనే ఉంది," అంది వదిన. ఖాళీ గ్లాసు అందుకుని, "రేపు పొద్దున్నే రా. పుస్తకం చూసుకుని మొదలుపెడదాం," అంది. నేనైతే అంత తేలిగ్గా వదిలేదాన్ని కాదు. ఆ మాట వదినకి చెప్పాను కూడా. "నీ దగ్గరికి రాలేదుగా," అంది.

వ్యాసం అచ్చయింది. నలుగురు రచయితల్లో మూడో పేరు వదినది. పత్రిక ఇంటికొచ్చిన రోజు అన్నయ్యగారు దాన్ని బస్సులో పెట్టుకుని డిపోకి తీసుకెళ్లి, వచ్చిన ప్రతివాడికీ చూపించారు. ఆయనకి అందులో ఒక్క ముక్క అర్థం కాదు.

ఇప్పుడు ఆవిడ సాంకేతిక అధికారి హోదా అడుగుతోంది. ఆవిడ ఎన్నో ఏళ్లుగా చేస్తున్నది ఆ పనే. సహాయకురాలని పిలవడం అబద్ధం అంటుంది. ఫైలు విభాగాధిపతి సంతకం కోసం ఆగి ఉంది. ప్రతి సోమవారం పదకొండింటికి ఆయన గది బయట బల్ల మీద వెళ్లి కూర్చుంటుంది. సారు మీటింగులో ఉన్నారని బంట్రోతు చెబుతాడు. "అయ్యేదాకా కూర్చుంటాను," అంటుంది. మొన్న సోమవారం సారు వెనక తలుపులోంచి వెళ్లిపోయాడట. ఈ సోమవారం నేను ఆ వెనక తలుపు దగ్గర కూర్చుంటానన్నాను. వదిన వద్దనలేదు.